మా అక్కకు పని ఉందా, లేదా? జనాభా లెక్కలకు రాబోయే ఎన్యూమరేటర్ గారికి బహిరంగ లేఖ

ఎన్యూమరేటర్ గారికి నమస్కారం.

మీ పేరు నాకు తెలియదు. మీకు డ్యూటీ ఆర్డరు చేతికి వచ్చిందో లేదో కూడా తెలియదు. అయినా మీరెవరో సుమారుగా ఊహించగలను. ఏ ప్రాథమిక పాఠశాలలోనో టీచరు అయి ఉంటారు. పిల్లలకు పరీక్షలు దగ్గరపడే ఫిబ్రవరిలో ఈ గడపగడప తిరుగుడు ఏమిటని లోపల విసుక్కుంటూ ఉంటారు. నేనూ విసుక్కున్నాను. 2011లో ఇదే అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం వైపు ఉన్న మా సొంత ఊరికే నన్ను ఎన్యూమరేటరుగా వేశారు. 2024లో రిటైరయ్యాను కాబట్టి ఈసారి నాకు ఆ బాధ లేదు. మీకుంది. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

2027 ఫిబ్రవరిలో మీరు మా వీధికి వస్తారు. ఈసారి కాగితాలు లేవు, అంతా ఫోన్లోనే అంటున్నారు. కులం కూడా అడుగుతారు. ఊళ్ళో రచ్చబండ మీద చర్చంతా ఆ కులం గురించే. ఏ పేరు రాయించుకోవాలి, ఏది రాయిస్తే ఏమొస్తుంది అని ఇప్పటినుంచే లెక్కలు వేసుకుంటున్నారు. నా గొడవ అది కాదు. నా గొడవంతా 'పని' అనే గడి గురించి.

2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా లెక్కలు రాశాం. నా బ్లాకులో మా ఇల్లు కూడా ఉంది. అన్నీ తెలిసిన సంగతులే కదా అని దాన్ని చివరికి పెట్టుకున్నాను. ఒక రాత్రి ఎనిమిది గంటలప్పుడు నట్టింట్లో చాప మీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని మొదలుపెట్టాను. మొదటి వరసలో నాయన. ఇంటి పెద్ద, సేద్యం. రెండో వరసలో అమ్మ. వయసు 69. వైకల్యం ఉందా అంటే ఉంది. ఏ రకం అంటే చలనం. మూడో వరసలో అక్క. వయసు 51, భర్త లేడు, చదువు ఐదో తరగతి. అక్కడ వచ్చింది ఆ ప్రశ్న. గడిచిన ఏడాదిలో ఎప్పుడైనా పని చేశారా?

అడగాల్సిన అవసరమే లేదు. అయినా తమాషాకు, ఊళ్ళో అందరినీ అడిగిన గొంతుతోనే అడిగాను. "పోయిన సంవత్సరం ఏమన్నా పని చేసినావా అక్కా?"

అక్క ఆ సమయానికి అమ్మను ఎడమపక్కకు తిప్పుతోంది. ఒక మోకాలు మంచం మీద ఆనించి, ఒక చెయ్యి అమ్మ భుజం కింద, ఇంకో చెయ్యి తుంటి కింద పెట్టి, ఊపిరి బిగబట్టి. తలెత్తకుండానే చెప్పింది. "నాకేం పనిరా, ఇంట్లోనే కదా ఉండేది."

'లేదు' అని కోడు వేశాను. పని చేయనివాళ్ళకు కింద ఇంకో గడి ఉండేది. విద్యార్థి, ఇంటి పనులు, ఇంకొకరి మీద ఆధారపడినవారు, పింఛనుదారు, యాచకులు, ఇలా ఒక్కొక్కరికి ఒక్కో అంకె. ఇంటి పనులకు 2. అది వేశాను. తర్వాత ఇంకో ప్రశ్న ఉంది. పని కోసం చూస్తున్నారా? అదీ అడిగాను. అక్క అప్పటికి అమ్మ వీపు వెనక దిండు సర్దుతోంది. ఈసారి నవ్వేసింది. "యాడన్నా ఉంటే చెప్పు, రేపే పోతా. ఈయమ్మను నువ్వు చూసుకుంటావా?"

అమ్మ కూడా నవ్వింది, నవ్వగలిగిన సగం మూతితో. ముగ్గురం నవ్వుకున్నాం. నేను 'లేదు' అని రాసి, తర్వాతి ఇంటి కాగితం తీశాను.

రిటైరయ్యాక ట్రంకు పెట్టె సర్దుతుంటే అప్పటి ట్రైనింగులో ఇచ్చిన చేతిపుస్తకం దొరికింది. పారేసే ముందు ఊరికే తిరగేశాను. అందులో పని అంటే ఏమిటో వివరంగానే రాసి ఉంది. కూలీ డబ్బు, జీతం, లాభం వచ్చినా రాకపోయినా, ఆర్థికంగా ఉత్పత్తికి పనికొచ్చేది ఏది చేసినా పనే. సొంత చేనులో పైసా తీసుకోకుండా చేసినా పనే. ఇంట్లో తాగడానికి మాత్రమే ఎనుమును మేపి పాలు పితికినా అదీ పనే.

మా ఇంట్లో అప్పుడు ఎనుము ఉండింది. దాని మేత, కుడితి, పేడకళ్ళు, పాలు అన్నీ అక్కే చూసేది. అది చాలదన్నట్టు, వానకారుకు ముందు విత్తనానికి బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఒలిచేది. అమ్మ మంచం పక్కనే చాట పెట్టుకుని, మా అయిదెకరాలకు కావలసినవి ఒలవడమే కాకుండా, ఎదురింటివాళ్ళవీ కూలికి ఒలిచేది. అంటే నేను రాసింది రూలు ప్రకారమే తప్పు. మా అక్క లెక్క ప్రకారం పనిచేసే మనిషే. దేని వల్ల? ఎనుము వల్ల, బుడ్డల వల్ల. అమ్మ వల్ల మాత్రం కాదు. ఎనుమును చూసుకుంటే పని, అమ్మను చూసుకుంటే పని కాదు. ఆ పుస్తకం రెండుసార్లు చదివాను. అందులో వేరే అర్థమేమీ రాలేదు.

ఆ అమ్మ కథ కొంచెం చెప్పాలి. మీకు టైము లేదని తెలుసు. ఇంకా ఎన్నో ఇళ్ళు తిరగాలి మీరు. అయినా ఈ ఒక్క ఇంటి దగ్గర కాసేపు కూర్చోండి.

2008 నవంబరులో, బుడ్డలు పీకి కళ్ళంలో వేసిన రోజుల్లో, అమ్మ కళ్ళంలోనే పడిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒక్కసారే పోయాయి. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాపారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి చూసి, కళ్యాణదుర్గం తీసుకుపొమ్మన్నాడు. అక్కణ్ణుంచి అనంతపురం. చేరేసరికి చీకటి పడింది. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపల వేయాలని నాకు ఆ రోజే తెలిసింది, ఆ నాలుగున్నర గంటలు దాటిపోయాక. తర్వాత అందరూ పోయినట్టే మేమూ పలమనేరు దగ్గర విరూపాక్షిపురానికి పక్షవాతం నాటుమందుకు పోయొచ్చాం. అమ్మకు మాట కొంచెం వచ్చింది. కాలు రాలేదు. తొమ్మిదేళ్ళు మంచంలోనే ఉంది.

ఎవరు చూసుకోవాలి అని మా ఇంట్లో ఎవరమూ కూర్చుని మాట్లాడుకోలేదు. నాకు బడి. తమ్ముడికి బెంగళూరులో పని. నా భార్యకు పిల్లల చదువులు. అక్క ఉంది కదా. బావ పోయాక 1996 నుంచి పుట్టింట్లోనే ఉంటోంది కదా, పిల్లలు కూడా లేరు కదా. ఈ 'కదా' అనే మాట ఎంత పని చేసిందో చూడండి. తొమ్మిదేళ్ళ చాకిరీ ఒక్క 'కదా'తో తెమిలిపోయింది.

దేశం మొత్తానికి ఉపాధి హామీ మొదలైంది మా జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధానమంత్రి వచ్చి ప్రారంభించారు. మా ఊళ్ళో మొదట జాబ్ కార్డు తీసుకున్న ఆడవాళ్ళలో అక్క ఒకతి. చెరువు పూడిక, గట్లు, అన్నిటికీ పోయింది. ఆ కార్డు ఇంకా ఉంది. 2008 దాకా రోజులు, రూపాయలు రాసి ఉన్నాయి. ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. మీరు ఆ కార్డు చూస్తే ఈమె 2008లో పని మానేసింది అనుకుంటారు.

ఆ తెల్లకాగితాల రోజుల్లో ఏం జరిగిందో చెబుతాను. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. లేకపోతే తుంటి దగ్గర, నడుం కింద, మడమల మీద చర్మం కమిలి పుండు పడుతుంది. ఆ సంగతి ఆసుపత్రిలో ఒక నర్సమ్మ చెప్పింది. అక్కకు గడియారం చూడటం వచ్చు కానీ చూసే అలవాటు లేదు. తనకు తోచిన పద్ధతి పెట్టుకుంది. పొద్దున కళ్యాణదుర్గం పల్లెవెలుగు బస్సు హారను కొడితే ఎడమపక్కకు. బడి గంటకు వెల్లకిల. పాలబండి తిరిగి పోయేటప్పుడు కుడిపక్కకు. మధ్యాహ్నం బడి అన్నం గంటకు మళ్ళీ ఎడమకు. బస్సు రాని రోజు ఆమెకు టెన్షన్. అందుకని గోడ మీద సుద్దముక్కతో గీతలు కూడా పెట్టేది. ఆ సుద్దముక్కలు నా బడివే, నేనే తెచ్చిచ్చాను. తొమ్మిదేళ్ళలో నేను చేసిన గొప్ప సాయం బహుశా అదేనేమో.

రాత్రిళ్ళకు బస్సు లేదు, బడి లేదు. అందుకు ఇంకో ఉపాయం. పాత నూలుచీర అంచు చింపి, ఒక కొన అమ్మ ఎడమచేతికి, అంటే బాగున్న చేతికి, ఇంకో కొన తన గాజులకు కట్టుకుని కింద పడుకునేది. అమ్మకు మాట సరిగా రాదు, పిలవలేదు. అవసరమైతే చెయ్యి లాగేది. గాజులు గలగలమంటే అక్క లేచేది. అప్పట్లో బోర్లకు త్రీఫేజు కరెంటు సగం పగలు, సగం రాత్రి ఇచ్చేవాళ్ళు. కరెంటు వస్తే నాయన చేనికి పోయేవాడు, ఆ లేచిన అలికిడికి అక్క అమ్మను ఒకసారి తిప్పేది. మా ఇంట్లో ఆ తొమ్మిదేళ్ళు తెల్లారిందాకా నిద్రపోయిన మనిషి ఎవరూ లేరు, ఆదివారం వచ్చి పోయే నేను తప్ప.

తిండి ఇంకో కథ. అమ్మకు గొంతు సగం పనిచేయదు. నీళ్ళు తాపితే పొలమారేది. ఒకసారి పొలమారితే ఆ దగ్గు అరగంట ఆగేది కాదు, ముఖం నల్లబడేది. సంగటి ముద్ద మింగలేదు. అక్క రాగిజావ కాచి, ఒక్కో రోజు ఒక్కో విధంగా చేసి చూసి, చివరికి గరిటె వంచితే దారంలా కారకుండా, ముద్దలా పడకుండా, మెల్లగా జారే పాకానికి తెచ్చింది. నీళ్ళు కూడా అట్లాగే. ఉట్టి నీళ్ళు ఇవ్వడం మానేసి, గంజి కలిపి చిక్కగా చేసి చెంచాతో పోసేది. ఎడమ చెంప వైపు మాత్రమే పోయాలి. పోసి, గొంతు కదిలిందాకా ఆగాలి. తర్వాత చెంప లోపల వేలు పెట్టి ఏమన్నా మిగిలిందా చూడాలి. గ్లాసెడు జావకు ముప్పావుగంట. ఇదంతా విని అనంతపురంలో ఒక ఫిజియోథెరపిస్టు ఆశ్చర్యపోయాడు. నీళ్ళను చిక్కగా చేయడానికి బెంగళూరు ఆసుపత్రుల్లో డబ్బా పొడి అమ్ముతారట. "మీ అక్క ఏం చదివింది సార్?" అని అడిగాడు.

మేమందరం ఏం చేశామో కూడా చెప్పాలి. నేను నెలనెలా డబ్బులిచ్చాను, మందులు తెచ్చాను. తమ్ముడు వాటర్ బెడ్ కొన్నాడు. చుట్టాలు చీనీకాయలు, హార్లిక్స్ తెచ్చి, మంచం పక్కన పది నిమిషాలు కూర్చుని సలహాలిచ్చి పోయారు. ఒకాయన అయితే, "అమ్మ చిక్కిపోయింది, సరిగా పెడుతున్నావా?" అన్నాడు. అక్క ఏమీ అనలేదు. ఆయనకు కాఫీ ఇచ్చింది. నేనైతే ఆ గ్లాసు ఆయన నెత్తిన పోసేవాణ్ణి అని చెప్పాలని ఉంది కానీ, నేనూ అక్కడే ఉన్నాను, నేనూ ఏమీ అనలేదు.

2014లో ధర్మవరంలో మా పెదనాయన మనవరాలి పెళ్ళి. అక్క ఆరేళ్ళుగా ఊరు దాటలేదు. "రెండు రోజులు పోయి రా, మేం చూసుకుంటాం" అని నేనూ నా భార్యా వచ్చి ఉన్నాం. అక్క పోయేముందు పొద్దున్నుంచి అన్నీ అప్పజెప్పింది. ఏ బస్సుకు ఏ పక్క, దిండు ఎక్కడ, గుడ్డలు ఎక్కడ. నాకు విసుగొచ్చింది. ముప్పయ్యేళ్ళ సర్వీసు ఉన్న పంతుల్ని, నాకు టైం టేబుల్ చెబుతుందేమిటని.

మొదటి రోజు అమ్మ నా చేత్తో నోరు తెరవలేదు. ముద్దు చేశాను, బతిమాలాను, చివరికి గట్టిగా అన్నాను. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది కానీ నోరు తెరవలేదు. నా భార్య కాస్త తినిపించగలిగింది. రాత్రి చీర అంచు నా మణికట్టుకు కట్టుకున్నాను. నాకు గాజులు లేవు కదా. అమ్మ లాగిందో లేదో నాకు తెలియదు. నేను లేచేసరికి తెల్లగా తెల్లారి, బస్సు వచ్చి పోయింది. రాత్రంతా అమ్మ ఒకే పక్కన, తడిలో ఉంది. తుంటి మీద అర్ధరూపాయంత ఎర్రటి మచ్చ. పోతుందిలే అనుకున్నాను. అక్క తిరిగొచ్చేసరికి అది పొక్కింది. మానడానికి రెండు నెలల పైన పట్టింది. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. పసుపు, దూది, సెలైను నీళ్ళు తీసుకుని కూర్చుని, "నీకు అలవాటు లేదులే నాయనా" అంది. ఆ తర్వాత మళ్ళీ ఏ పెళ్ళికీ పోలేదు. మేమూ మళ్ళీ పొమ్మనలేదు.

ఆ పని నా చేత కాలేదండీ. ముప్పయ్యేళ్ళు అరవైమంది పిల్లల్ని అదుపు చేసినవాణ్ణి, ఒక్క రాత్రి ఒక్క ముసలామెను కనిపెట్టుకోలేకపోయాను. చేతకాని నాకు ఆ రెండు రోజులకూ జీతం వచ్చింది. ఆమె గడిలో నా చేత్తో వేసిన 'లేదు' అట్లాగే ఉంది.

ఇది మా ఇంటి గొడవే అయితే మీకు రాసేవాణ్ణి కాదు. నేను ఆ 'లేదు' రాయడానికి ఏడు నెలల ముందే, 2010 జూలైలో, సుప్రీంకోర్టు ఈ సంగతే ఎత్తింది. 2001 జనాభా లెక్కల్లో వంట, గిన్నెలు, పిల్లలు, నీళ్ళు, కట్టెపుల్లలు చూసుకునే ఆడవాళ్ళను పని చేయనివాళ్ళ కింద, బిచ్చగాళ్ళతోనూ ఖైదీలతోనూ కలిపి లెక్కగట్టారని తప్పు పట్టింది. నాకు అప్పుడు తెలియదు. తెలిసినా ఆ గడి మార్చే అధికారం నాకు లేదు. మళ్ళీ 2021 జనవరిలో, ఒక రోడ్డు ప్రమాదం నష్టపరిహారం కేసులో, జస్టిస్ ఎన్.వి. రమణ తీర్పు రాస్తూ 2011 లెక్కల్నే చూపించారు. ఇంటి పనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్ళు 15 కోట్ల 98 లక్షల మంది. మగవాళ్ళు 57 లక్షల 90 వేలు. పేపర్లో ఆ అంకె చదివి ఆగిపోయాను. ఆ పదహారు కోట్లలో ఒకటి నేను వేసిన అంకె. కానీ ఆ అంకెలో వంట మాత్రమే చేసే ఆమె, తొమ్మిదేళ్ళు ఒక మనిషిని బతికించిన ఆమె ఒకే 2 కింద ఉన్నారు. విడదీసి చూడటానికి దారి లేదు.

కొలవడం చేతకాక కాదు. 2024లో కేంద్ర గణాంకాల శాఖ టైమ్ యూజ్ సర్వే చేసింది. ఇంట్లోవాళ్ళను చూసుకునే పనిలో ఉన్న 15 నుంచి 59 ఏళ్ళ ఆడవాళ్ళు రోజుకు సుమారు 140 నిమిషాలు, మగవాళ్ళు 74 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారని తేల్చింది. అక్కకైతే ఆ 140 నిమిషాలు అమ్మకు రెండు గ్లాసుల జావ పోసి, ఒక స్నానం చేయించేసరికే అయిపోయేవి. మంచిదే, కనీసం ఎవరో నిమిషాలు లెక్కపెట్టారు. కానీ అది కొన్ని ఇళ్ళల్లో చేసే సర్వే. మీది ప్రతి ఇంటికీ వచ్చే లెక్క.

చట్టంలోనూ మాట ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సంరక్షకులు ఎవరో నిర్వచించింది. డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా, తల్లిదండ్రులైనా ఇంట్లో ఇంకొకరైనా, వికలాంగుణ్ణి చూసుకునేవాళ్ళందరూ ఆ కిందికి వస్తారు. ఎక్కువ ఆసరా కావలసినవాళ్ళకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలు ఉండాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. కేరళలో మంచం పట్టినవాళ్ళను చూసుకునేవాళ్ళకు నెలకు 600 రూపాయలిచ్చే ఆశ్వాసకిరణం అనే పథకం ఉంది. ఆరొందలు ఏ మూలకు అంటారేమో. అక్క పేరు మీద ఒక కాగితం ఉండేది, నాకు అది చాలు. మన దగ్గర 2024 నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకు పింఛను 15,000 చేశారు. చాలా మంచి పని. అమ్మ ఉండగా వచ్చి ఉంటే ఎంతో ఆసరా అయ్యేది. అయితే అది రోగి పింఛను. పక్కనున్న మనిషి అందులోనూ లేదు. అక్కకు నెలకు 4,000 వస్తుంది, ఒకటో తారీఖున సచివాలయం పిల్లలు ఇంటికి తెచ్చిస్తారు. అది వితంతు పింఛను. ముప్పయ్యేళ్ళ కిందట మొగుడు పోయినందుకు ఆమె పేరు ప్రభుత్వం దగ్గర ఉంది. ఆ తర్వాత ఆమె చేసినదానికి ఏ పుస్తకంలోనూ లేదు.

అమ్మ 2017లో పోయింది. ఒంటి మీద ఒక్క పుండు లేకుండా పోయింది. స్నానం చేయించిన ఆడవాళ్ళు ఆ మాట నెలరోజులు చెప్పుకున్నారు.

మరుసటి ఏడాది నుంచి నాయనకు మతిమరుపు. అయిదేళ్ళు. రాత్రిపూట లేచి, ఎప్పుడో అమ్మేసిన ఎద్దుల్ని వెతుక్కుంటూ వీధిలోకి పోయేవాడు. లేవని మేం వాదించేవాళ్ళం, ఆయన మమ్మల్ని దొంగలనుకుని కట్టె ఎత్తేవాడు. అక్క అటక మీంచి పాత ఎద్దుల గంటలు తీసి వెనక వసారాలో తగిలించింది. నాయన లేచినప్పుడల్లా చీకట్లో పోయి ఆ గంటలు నాలుగుసార్లు ఆడించి వచ్చి, "కట్టేసినా నాయనా, మేత కూడా వేసినా, పడుకో" అనేది. ఆయన పడుకునేవాడు. 2023లో ఆయనా పోయాడు.

అదండీ సంగతి. మీరు చేయగలిగింది ఎంతో నాకు తెలుసు. మీ ఫోన్లో ఏ గడులు వస్తాయో అవే నింపగలరు, కొత్తవి పెట్టలేరు. గడులు పెట్టేవాళ్ళు ఢిల్లీలో ఉంటారు. ఈ ఉత్తరం వాళ్ళకు చేరితే వాళ్ళను ఒక్కటే అడుగుతున్నాను. ఇంట్లో కదలలేని మనిషి ఉన్నారా అని అడుగుతున్నారు, సరే. ఆ మనిషిని కదిలించేది ఎవరని కూడా అడగండి. అదే వరసలో ఇంకొక్క గడి. పదహారు కోట్లలో ఎంతమంది చేతులకు రాత్రిళ్ళు చీర అంచు కట్టి ఉందో తెలుస్తుంది.

మీకు మాత్రం, ఒక పాత ఎన్యూమరేటరుగా చెప్పుకుంటున్నాను. ఆడమనిషి సంగతి అరుగు మీద కూర్చున్న మొగుణ్ణో, అన్ననో, నాలాంటి తమ్ముణ్ణో అడగొద్దు. ఆమెనే అడగండి. 'పని చేస్తావా' అని అడిగితే లేదనే చెబుతుంది, జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. 'పొద్దున లేచినప్పటినుంచి ఏమేం చేస్తావమ్మా' అని అడగండి. ఎనుము ఉందా, మేకలున్నాయా, బుడ్డలు ఒలుస్తావా, చేనికి పోతావా అని అడగండి. మీ చేతిపుస్తకంలో పని అంటే ఏమిటని రాసిందో ఆ పేజీ ట్రైనింగులోనే చదివి పెట్టుకోండి. నేను చదవకుండానే సంతకం పెట్టాను.

ఇంకోటి. అక్కకు ఇప్పుడు 66. మోకాళ్ళు అరిగిపోయాయి, అన్నేళ్ళు మంచం అంచుకు ఆనించిన ఎడమ మోకాలైతే మరీ. వయసు చూసి, కర్ర చూసి, 'ఆధారపడినవారు' అనే అంకె మీద మీ వేలు పోతుంది. నొక్కే ముందు, ఆ ఇంట్లో ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో కాస్త ఆలోచించండి.

మా ఇల్లు బడి వెనక సందులో మూడోది, వాకిట్లో వేపచెట్టు ఉంటుంది. మధ్యాహ్నం పూట మాత్రం రావద్దు, తాళం ఉంటుంది. ఎదురింటి ముసలామె పోయిన ఏడు కాలుజారి పడి మంచం పట్టింది. కొడుకూ కోడలూ బెంగళూరులో ఉంటారు. బడి అన్నం గంట కొట్టగానే అక్క కర్ర పట్టుకుని జావగిన్నెతో ఆ ఇంటికి పోతుంది. గ్లాసుకు ముప్పావుగంట. మూడు దాటాక రండి, ఉంటుంది.

ఇట్లు
2011లో ఈ బ్లాకు లెక్కలు రాసిన
ఒక రిటైర్డ్ టీచరు